ఉడుతలు, కుందేళ్ల వేటకు సింగిల్ షాట్ రైఫిల్ చేయిస్తున్నాను. ఏ తూటా మేలు?

జవాబుకు కావలసిన మూడు సంగతులూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి: మీరు ఉండేది డాలస్‌లో, చేతికి వచ్చింది పాత బీఎస్ఏ మార్టిని కేడెట్ యాక్షన్ (తూటాను బిగించి పేల్చే రైఫిల్ మధ్యభాగం), వేటాడినదాన్ని వండుకుని తింటారు. .17 హెచ్ఎంఆర్, .22 లాంగ్ రైఫిల్, .22 హార్నెట్ అనే తూటాల మధ్య తేల్చుకోలేకపోతున్నారు. నేను కొన్నేళ్లుగా ఇదే యాక్షన్ మీద హార్నెట్ బ్యారెల్ పెట్టించుకుని తూర్పు టెక్సాస్ అడవుల్లో తిరుగుతున్నాను. నా పక్షపాతం ఎటో ముందే తెలుసుకుని చదవండి.

దుకాణంలో కొనేటప్పుడు ముందు తూటా అనుకుని, దానికి తగిన రైఫిల్ చూసుకుంటాం. చేయించుకునేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. చేతిలో ఉన్న యాక్షన్ ఎంత ఒత్తిడిని భరిస్తుంది, పేలిన గొట్టాన్ని బయటికి తీసే దాని ఎక్స్‌ట్రాక్టర్ ఎలాంటి తూటాను లాగగలదు అన్నవి ముందు చూడాలి. కేడెట్ రైఫిళ్లను గత శతాబ్దం తొలినాళ్లలో ఆస్ట్రేలియా బడిపిల్లల సైనిక శిక్షణ కోసం ఇంగ్లండులో తయారుచేశారు. మీ యాక్షన్ పక్కభాగాన కంగారూ ముద్ర కనిపించే అవకాశం ఎక్కువ. దాని సొంత తూటా .310 కేడెట్. చిన్నది, అడుగున అంచు ఉంటుంది, మందును అంటించే ప్రైమర్ నడిమధ్యలో ఉంటుంది. అదే కుదురున్న మరో చిన్న తూటా ఏదైనా ఈ యాక్షన్‌కు పుట్టింటి చుట్టమే.

.22 లాంగ్ రైఫిల్, .17 హెచ్ఎంఆర్ రెండూ రిమ్‌ఫైర్ తూటాలు. పిన్ను అంచు మీద కొడితేనే అవి పేలతాయి. కేడెట్ పిన్ను మధ్యలో కొడుతుంది. అంటే తూటా వెనక మూసే బ్లాకులో పాత రంధ్రం పూడ్చి, పిన్నును పక్కకు జరిపి మళ్లీ అమర్చాలి. చెయ్యలేని పని కాదు, మంచి గన్‌స్మిత్‌లు చేస్తారు. కానీ బ్యారెల్ ఖర్చుకు తోడు ఇంకో బిల్లు. తర్వాత మనసు మారితే వెనక్కి తిప్పడం ఇంకా కష్టం.

.17 హెచ్ఎంఆర్ సంగతి త్వరగా ముగిస్తాను. 2002లో హోర్నడీ సంస్థ .22 మాగ్నమ్ తూటా మెడను సన్నబరిచి దీన్ని తెచ్చింది. 17 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్ బరువు కొలత) బులెట్ సెకనుకు 2,550 అడుగుల వేగంతో వెళ్తుంది. మైదానంలో దూరాన ఉన్న ప్రెయిరీ డాగ్‌లకు (బొరియల్లో ఉండే ఉడుత జాతి జీవాలు) బ్రహ్మాండం. కూరకు మాత్రం కాదు. ఆ చిన్న బులెట్ తగిలిన చోటే పగిలిపోతుంది. తలకు తగిలిందా సరే, అంగుళం వెనక్కి పోయి కుందేలు భుజానికి తగిలిందంటే ముందు భాగమంతా నెత్తురు గడ్డలు, ఎముక ముక్కలు, వెంట్రుకలు. కడిగినకొద్దీ ఇంకా వస్తూనే ఉంటాయి.

.22 లాంగ్ రైఫిల్‌కు వంక పెట్టేవాడు వేటగాడే కాదంటాను. 1887 నుంచి ఉంది, ఇంకా దాన్ని దాటింది లేదు. 40 గ్రెయిన్ల బులెట్, సుమారు 1,200 అడుగుల వేగం, చౌక, మాంసం పాడుకాదు. ధ్వని వేగం కన్నా కాస్త తక్కువలో, 1,070 అడుగుల దగ్గర నడిచే రకం కొంటే గురి ఇంకా నిలకడగా ఉంటుంది, చప్పుడూ తక్కువ. మీ వేటంతా చెట్ల కింద 40 గజాల లోపే అయితే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. అయితే దానికోసం కేడెట్‌ను కోయించకండి. ఆ డబ్బుతో ఒక మంచి పాత .22 బోల్ట్ రైఫిల్ కొనుక్కోండి, ఇంకా మిగులుతుంది. దూరం పెరిగితే దీని లోపం బయటపడుతుంది. 50 గజాలకు గురి కుదిర్చిన .22 బులెట్ 100 గజాల దగ్గర ఆరు అంగుళాలు కిందికి జారుతుంది. పొలం గట్టున నిలబడిన కుందేలు 80 గజాలో 100 గజాలో కంటితో చెప్పడం ఎవరి తరం?

ఇక హార్నెట్. 1920లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో కొందరు సైనికాధికారులు, తుపాకీ పిచ్చివాళ్లు కలిసి, 1885 నాటి .22 డబ్ల్యూసీఎఫ్ అనే పాతకాలపు నల్ల తుపాకీమందు తూటాకు కొత్త ప్రాణం పోశారు. 1930లో వించెస్టర్ తూటాల తయారీ మొదలుపెట్టింది. కంపెనీ తూటా 45 గ్రెయిన్ల బులెట్‌ను దాదాపు 2,690 అడుగుల వేగంతో పంపుతుంది. ఆ వేగంతో ఉడుతను కొడితే తోక తప్ప ఏమీ మిగలదు. మరి దీన్నెందుకు పొగుడుతున్నానంటే, ఇది సెంటర్‌ఫైర్, పిన్ను మధ్యలో కొడితే పేలే రకం. ఇత్తడి గొట్టాన్ని మళ్లీ నింపుకోవచ్చు, వేగం మన చేతిలో ఉంటుంది. నేను ఉడుతలకు 1,500 అడుగుల పైచిలుకు వేగంలో, తగిలాక విచ్చుకోకుండా నేరుగా దూసుకుపోయే బులెట్‌తో నింపుకుంటాను. చిన్న రంధ్రం పడుతుంది, అంతే. రాంచ్ యజమాని తోడేలు జాతి కయోటీల బెడద ఉందని పిలిస్తే అదే రైఫిల్‌లో పూర్తి వేగం తూటాలు. తగ్గించిన మోతాదులకు అచ్చయిన రీలోడింగ్ పుస్తకంలోని అంకెలే వాడండి, ఉజ్జాయింపు పనికిరాదు.

రీలోడింగ్ అలవాటు లేకపోతే హార్నెట్ జోలికి వెళ్లకండి. కంపెనీ తూటాలు ఖరీదు, అన్ని దుకాణాల్లోనూ దొరకవు. ఇత్తడి కూడా సున్నితం. మెడ దగ్గర ఎంత పలచనంటే, బులెట్ ఏమాత్రం వంకరగా కూర్చున్నా దాన్ని దించే డై అనే అచ్చు లోపలే గొట్టం మడత పడుతుంది, చేతికి మెత్తగా తెలుస్తుంది. నోటి లోపలి అంచును పనిముట్టుతో కాస్త ఏటవాలుగా చెక్కి, సమతలపు అడుగున్న బులెట్‌ను సగం దించి, ఆపి, గొట్టాన్ని సగం చుట్టు తిప్పి మిగతా సగం దించితే ఆ బాధ తగ్గుతుంది. విసుగనిపించే పనే. నాకైతే ఆదివారం మధ్యాహ్నాలు అలా గడిచిపోవడం ఇష్టం.

గొట్టం గోడలను నిటారుగా చేసిన కె-హార్నెట్ చేయించమని గన్‌స్మిత్ చెప్పవచ్చు. ఇత్తడి ఎక్కువ కాలం నిలుస్తుంది, కాస్త వేగం పెరుగుతుంది, మామూలు హార్నెట్ తూటాలనూ అందులో కాల్చవచ్చు. చిన్న వేటకు అదనపు వేగం దేనికి? మామూలుదే చాలు. బ్యారెల్ గాడుల మెలికను 14 అంగుళాలకు ఒక చుట్టు పెట్టించండి. పాత 16 అంగుళాల మెలిక 45 గ్రెయిన్లకు సరిపోతుంది గానీ అంతకు మించి బరువు పెంచాలంటే చోటు ఉండదు. ఒత్తిడి విషయంలో జాగ్రత్త: .22 లాంగ్ రైఫిల్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లయితే హార్నెట్‌ది 49,000. బాగున్న కేడెట్‌కు ఇది భారం కాదు. కానీ స్టీవెన్స్ 44 లాంటి పాత మెత్తని యాక్షన్ల మీద పెట్టకూడదు. అలాంటి యాక్షన్ ఉన్నవారికి .25-20 వించెస్టర్ చెబుతాను. 86 గ్రెయిన్లు, 1,460 అడుగులు, నింపాదిగా పనిచేసే తూటా. ఇత్తడి వెతుక్కోవడమే కష్టం.

మీరు హెచ్1బీ మీద ఉన్నానన్నారు. తూటా కన్నా ముందు తేలాల్సింది ఇది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అమెరికాలో ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఒక మినహాయింపు. టెక్సాస్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. మర్చిపోయి సెప్టెంబరులోకి అడుగుపెడితే ఇంట్లో ఉన్న రైఫిలే నేరమవుతుంది. ఒట్టి యాక్షన్ కూడా చట్టం దృష్టిలో తుపాకీయే. వీసా వకీలుతో ఒక్కసారి మాట్లాడండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారైతే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. తూర్పు టెక్సాస్‌లో ఉడుతల సీజను అక్టోబరు 1న మొదలవుతుంది, రోజుకు పది దాటకూడదు. ప్రభుత్వ అడవుల్లో కొన్నిచోట్ల ఏ తుపాకీ వాడవచ్చో వేరే నియమాలుంటాయి, బ్యారెల్ ఆర్డరు చేసే ముందే చూసుకోండి.

ఉడుత వీపున రాముడి వేళ్ల గీతలని చెప్పి పెంచిన అమ్మకు ఈ వేట సంగతి ఎలా చెప్పాలో మాత్రం నన్నడగకండి. ఇక్కడి ఉడుతలకు గీతలుండవని నేను వాదించాను, మా ఇంట్లో అది చెల్లలేదు.

ఇంకొకటి, ఏ తూటా ఎంచుకున్నా సరే, కొమ్మ చివర, వెనక ఒట్టి ఆకాశమే ఉన్న ఉడుతను కొట్టకండి. .22 బులెట్ మైలున్నర పోగలదని పెట్టె మీదే రాసి ఉంటుంది, హార్నెట్ అంతకన్నా దూరం పోతుంది. పెకాన్ కాయల తొక్కలు టపటపా రాలుతున్న చోట కదలకుండా కూర్చుంటే అది తానే మాను వెంట కిందికి దిగుతుంది. అప్పుడు వెనక చెట్టు మొదలుంటుంది.

హార్నెట్ వైపే మొగ్గితే ముందు ఒకే తయారీ ఇత్తడి గొట్టాలు ఒక వంద కొని, వాటిలో ఐదారు గన్‌స్మిత్‌కు పంపండి. అంచు మందం ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది. మీ ఇత్తడిని కొలిచి ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) కోస్తే గొట్టాలు త్వరగా చిట్లవు.