సమాధానం: నెల్లూరు–ఒంగోలు హైవే మీద కుడి లేన్ వదలని లారీలు

నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లేటప్పుడు లారీలు కుడి లేన్ వదలవని, వెనకాల కార్లు లైట్లు కొడుతూ మీద పడుతుంటే టెన్షన్‌గా ఉంటుందని రాశారు. మీ భయం న్యాయమైనదే.

ముందు లారీ సంగతి. ఎడమ లేన్‌లో ఆగిన బండ్లు, ట్రాక్టర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఉంటాయని, లోడు బండికి మాటిమాటికీ బ్రేక్ వేయడం కష్టమని డ్రైవర్లు కుడివైపే పట్టుకుపోతారు. అది తప్పే, కానీ మనమీద పంతంతో కాదు. కుడి ఇండికేటర్ వేసి, ఒకసారి డిప్పర్ కొట్టి (హెడ్‌లైట్ మెరిపించి) ఆగండి. చాలామంది తప్పుకుంటారు. తప్పుకోకపోతే ఎడమ నుంచి దూరిపోవద్దు. ఆ పక్క డ్రైవరుకు సరిగా కనపడదు, అదే క్షణంలో ఆయన మీకు దారివ్వాలని ఎడమకే రావచ్చు.

వెనక తరిమేవాడికి బుద్ధి చెప్పాలని బ్రేక్ తొక్కకండి, దయచేసి. ఎడమ ఇండికేటర్ వేసి, ఖాళీ చూసుకుని దారివ్వండి. ముందు బండికి మూడు సెకన్ల దూరం ఉంచండి. 100 కిలోమీటర్ల వేగంలో అది 80 మీటర్ల పైమాటే.

మామిడి సీజన్‌లో ఉలవపాడు దగ్గర మరీ జాగ్రత్త. పండ్ల బుట్టలు కనపడగానే కార్లు ఉన్నపళంగా ఆపేస్తారు. మీరూ కొనాలనుకుంటే ముందే ఇండికేటర్ వేసి, బండి పూర్తిగా రోడ్డు దించి ఆపండి.

లేన్‌లో లారీ చెడిపోయి ఉంటే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి నంబరు చెప్పండి. ఫోన్ మాత్రం పక్కనున్నవాళ్లతో చేయించండి.