బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరిన్ పోతుందా?

మీరు అడిగింది: నల్గొండ దగ్గర ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు, బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి, టీడీఎస్ మీటర్ 480 చూపించింది, మరిగించి తాగితే సరిపోతుందా అని.

సరిపోదండీ. ఫ్లోరిన్ పోకపోగా కొంచెం పెరుగుతుంది కూడా. ఆవిరైపోయేది నీళ్లు, ఫ్లోరైడ్ (మనం ఫ్లోరిన్ అనేది దీన్నే) గిన్నెలోనే మిగిలిపోతుంది. టైఫాయిడ్, కలరా క్రిములకైతే మరిగించడమే మందు.

మాది మునుగోడు వైపు. మా అమ్మకు శుభ్రం ఎక్కువ. చేదబావి నీళ్లు పాత ధోతి గుడ్డలో వడగట్టి, కట్టెల పొయ్యి మీద మసలబెట్టి, చల్లారాక కుండలో పోసేది. ఆ నీళ్లు తాగి పెరిగిన నాకు ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు. బొగ్గు, ఉప్పు, వేపపుల్ల, అన్నీ రుద్దాను. కాలేజీ గ్రూప్ ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నేను నవ్వలేదు. పన్ను చిగురులో తయారయ్యేటప్పుడే పడిన మచ్చ అది, తోమితే పోయే గార కాదని డెంటిస్ట్ చెప్పేదాకా తెలీదు. మా మేనత్తది ఇంకా ఘోరం. ఫ్లోరైడ్ ఎముకలకు పట్టి, యాభై దాటేసరికి మెడ బిగుసుకుపోయింది. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది.

ఇక టీడీఎస్. ఆ పెన్ను లాంటి మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒకే అంకె చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. మన ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. 480లో ఒకటి ఉందో మూడు ఉందో మీటర్‌కేం తెలుసు? రుచిని అసలు నమ్మొద్దు. మా వైపు గ్రానైట్ రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను కొంత పట్టేసి అడుక్కి చేరుస్తుంది. కాల్షియం తక్కువున్న తియ్యటి నీళ్లలో ఆ అడ్డం కూడా ఉండదు.

ఇదేదో నల్గొండకే పట్టిన శని అనుకోకండి. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ ఫ్లోరైడ్ జబ్బును (ఫ్లోరోసిస్) గుర్తించారు. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లో రిఫ్ట్ లోయ పొడుగునా ఇదే బాధ. బంగ్లాదేశ్‌లోనైతే చెరువు నీళ్లతో విరేచనాలు పట్టుకుంటున్నాయని ఊరూరా చేతిపంపులు వేశారు. తేటగా వచ్చిన ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందని తొంభైల్లో బయటపడింది.

మీరు చేయాల్సింది చిన్న పనే. శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌లో (గాజు వద్దు) బోరు నీళ్లు పట్టి, జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు తీసుకెళ్లండి. ఫ్లోరైడ్ చూడమని విడిగా అడగండి. ఫిల్టర్ ప్లాంటు క్యాన్ కొంటుంటే అదీ ఒక బాటిల్ పట్టండి. మా వీధి చివర ప్లాంటు నీళ్లకు 1.8 వచ్చింది. మెంబ్రేన్ (నీళ్లను వడగట్టే పొర) ఎప్పుడు మార్చావయ్యా అంటే, ఓనరు ఫోన్ వచ్చినట్టు పక్కకెళ్లాడు.

మీ ఇంటికి మిషన్ భగీరథ (ప్రభుత్వ మంచినీళ్ల పథకం) నల్లా ఉంటే తాగడానికి ఆ నీళ్లే పట్టుకోండి, నది నీళ్లలో ఈ గొడవ చాలా తక్కువ. క్లోరిన్ వాసనని చాలామంది మళ్లీ క్యాన్‌కే పోతున్నారు. బిందె మీద పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచితే ఆ వాసన చాలావరకు పోతుంది. అన్నం, పప్పు, చాయ్ కూడా వాటితోనే. తాగేవి మార్చి వంటకు బోరు నీళ్లు వాడితే సగం పనే అయినట్టు, మా ఇంట్లో రెండేళ్లు అదే పొరపాటు చేశాం. స్నానానికీ అంట్లకూ బోరు నీళ్లు పర్వాలేదు.

ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగకండి, ఇవాళ్టి నుంచే నీళ్లు మార్చండి. వాళ్ల పళ్లు ఇప్పుడే తయారవుతుంటాయి.