డీప్‌వాటర్ పోర్టుల "క్రమబద్ధీకరణ" అనొచ్చా?

సందేహం: చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేస్తున్నానండి. అమెరికాలో చమురు, గ్యాస్ కోసం సముద్రంలో కట్టే డీప్‌వాటర్ పోర్టుల చట్టం మీద మా తెలుగు సంఘం పత్రికకి ఒక వ్యాసం రాస్తున్నాను. "లోతైన నీటి నౌకాశ్రయాల క్రమబద్ధీకరణ" అని హెడ్డింగ్ పెట్టాను. మా మావయ్యగారేమో "క్రమబద్ధీకరణ కాదమ్మా, నియంత్రణ అనాలి" అంటున్నారు. ఏది కరెక్టు? గవర్నర్, లైసెన్స్ లాంటివి అలాగే ఉంచేయొచ్చా?

సమాధానం: క్రమబద్ధీకరణ వద్దన్నారు చూడండి, అక్కడ మాత్రం మావయ్యగారి మాటే వినండమ్మా. నియంత్రణ దగ్గర నాకు కొంచెం అభ్యంతరం ఉంది, అదీ చెప్తాను.

క్రమబద్ధీకరణ అన్న మాట ఇవాళ జనం నోట్లో ఎక్కడ నలుగుతోందో చూడండి. పర్మిషన్ లేకుండా వేసిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ, ప్రభుత్వ స్థలాల్లో కట్టుకున్న ఇళ్ల క్రమబద్ధీకరణ, కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ, ఇంతే కదా. అంటే ఆల్రెడీ ఉన్నదాన్ని, రూల్ ప్రకారం లేనిదాన్ని, ఫీజు కట్టించుకునో జీవో ఇచ్చో రూల్‌లోకి తెచ్చుకోవడం. మీ హెడ్డింగ్ చూసినవాళ్లు అమెరికాలో ఎవరో చెప్పాపెట్టకుండా సముద్రంలో పోర్టులు కట్టేసుకుంటే ప్రభుత్వం తర్వాత పట్టా ఇచ్చింది కాబోలు అనుకుంటారు. జరిగింది పూర్తిగా ఉల్టా. డీప్‌వాటర్ పోర్ట్ యాక్ట్ 1974 నాటిది, దాని మీద ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం పడింది 1975 జనవరి 3న. ఆ చట్టం కింద వచ్చిన చమురు పోర్టు, లూప్ అంటారు దాన్ని, లూయిజియానా ఆఫ్‌షోర్ ఆయిల్ పోర్ట్, 1981లో గానీ పని మొదలుపెట్టలేదు. ముందు చట్టం, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే పోర్టు. ఈ వరస తిరగబడితే వ్యాసం మొత్తం తిరగబడినట్టే, అందుకే ఈ ఒక్క మాట మీద ఇంత పట్టుబడుతున్నాను.

ఇక నియంత్రణ. ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ, కాలుష్య నియంత్రణ మండలి, వీటన్నిట్లోనూ అది పెరగకుండా అదుపు చెయ్యడమే. ఈ చట్టంలో అదుపు లేదని కాదు, కానీ పోర్టు కట్టుకోవడానికి దారి చూపించేది కూడా ఈ చట్టమే. ఎవరు కట్టొచ్చు, ఎక్కడ కట్టొచ్చు, ఎలా నడపాలి, పని అయిపోయాక ఎలా తీసెయ్యాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. లైసెన్స్ ఇచ్చే అధికారం రవాణా శాఖ మంత్రిది, ఆ పని చూసేది ఆ శాఖలోని మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్, డిజైనూ భద్రతా పర్యావరణ పరిశీలనా దగ్గర కోస్ట్ గార్డ్ కలుస్తుంది, జనం మాట వినడానికి బహిరంగ విచారణలు పెడతారు, మొత్తం ఇదంతా 356 రోజుల్లో తేలాలని చట్టంలో లెక్క ఉంది (మధ్యలో వివరాలు సరిపోలేదని గడియారం ఆపడం కూడా మామూలే). ఇంత పనిని నియంత్రణ అనే ఒక్క మాటలో కుక్కితే సగమే చెప్పినట్టవుతుంది. నేనైతే "డీప్‌వాటర్ పోర్టులు: ప్రభుత్వ నిబంధనలు, పర్యవేక్షణ" అని పెడతాను. వాక్యంలో అయితే "ప్రభుత్వం రెగ్యులేట్ చేస్తుంది" అని రాసినా నాకేం ఇబ్బంది లేదు, మనం మాట్లాడేది అలాగే కదా.

మీరు అడగలేదు గానీ మీ హెడ్డింగ్‌లో నాకు ఎక్కువగా అడ్డం తగిలింది నౌకాశ్రయం. ఓడకి ఆశ్రయం ఇచ్చేది నౌకాశ్రయం. అలల దెబ్బ తగలకుండా రాళ్లతో అడ్డుకట్ట, లోపల ప్రశాంతంగా నీళ్లు, ఒడ్డున ఓడ ఆనుకుని నిలబడే బెర్తు, మన చెన్నై హార్బర్‌లాగా. లూప్ దగ్గర అదేమీ లేదు. తీరానికి దాదాపు 18 మైళ్ల దూరంలో, 110 అడుగుల లోతున్న చోట, సముద్రంలో స్తంభాల మీద నిలబెట్టిన ప్లాట్‌ఫామ్, కొంచెం ఎడంగా నీళ్ల మీద తేలే బోయాలు. పెద్ద ట్యాంకర్ వచ్చి ముక్కు దగ్గర మోకులతో బోయాకి కట్టుకుంటుంది, గాలి ఎటు తిప్పితే అటు దాని చుట్టూ తిరుగుతుంది, గొట్టాల్లోంచి క్రూడ్ సముద్రం అడుగున ఉన్న పైపులైన్‌లోకి, అక్కణ్ణించి ఒడ్డుకి పోతుంది. ఆ సైజు ట్యాంకర్ నిండు లోడుతో అక్కడి తీరం దగ్గరికి రాలేదు, నేల తగులుతుంది, అందుకే పోర్టునే ఓడ దగ్గరికి తీసుకెళ్లారు. దాన్ని టెర్మినల్ అనడమే సబబు. విశాఖలో హిందుస్థాన్ పెట్రోలియం వాళ్లకి తీరానికి దూరంగా ఇలాంటి బోయా ఉంది, అక్కడ పనిచేసేవాళ్లు ఎస్‌పీఎం (సింగిల్ పాయింట్ మూరింగ్) అంటారు.

"లోతైన నీటి" కూడా వద్దు. ఎందుకంటే కాకినాడలో డీప్ వాటర్ పోర్ట్ ఉంది, ఆ పేరు మన తెలుగువాళ్లందరికీ తెలుసు, అది ఒడ్డునే ఉన్న మామూలు ఓడరేవు, కాకపోతే పెద్ద ఓడలు బెర్తు దాకా వచ్చేంత లోతు ఉంటుంది. అమెరికా చట్టంలో డీప్‌వాటర్ పోర్ట్ అంటే లోతు సంగతి పేరులోనే ఆగిపోయింది, అసలు పాయింటు హద్దు. రాష్ట్రాల సముద్రపు హద్దు దాటి బయట ఉండాలి, ఓడ కాకుండా మనిషి కట్టిన నిర్మాణం అయుండాలి, నేలకి పాతిందైనా సరే తేలేదైనా సరే, చమురు గానీ సహజ వాయువు గానీ అక్కడ ఎక్కించడమో దించడమో జరగాలి. మన ఎన్నూర్‌లో 2019లో మొదలైన ఇండియన్ ఆయిల్ ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజ వాయువు) టెర్మినల్ ఉంది చూడండి, అది కామరాజర్ పోర్టు లోపలే ఉంది కాబట్టి ఈ లెక్కలోకి రాదు. అందుకని డీప్‌వాటర్ పోర్ట్ అనే పేరు అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు "తీరానికి దూరంగా, రాష్ట్ర హద్దు దాటి సముద్రంలో కట్టే చమురు, గ్యాస్ టెర్మినల్" అని ఒకసారి విప్పి చెప్పెయ్యండి చాలు. దిగుమతి టెర్మినల్ అని మాత్రం రాయొద్దు. మొదట్లో చమురు దిగుమతి కోసమే పెట్టారు నిజమే, 2002లో సహజ వాయువు చేర్చారు, 2012లో ఎగుమతి కూడా చేర్చారు.

గవర్నర్ అన్న మాట ఉంచండి, కానీ ఒట్టిగా వదిలెయ్యొద్దమ్మా. చెన్నైలో గవర్నర్ అనగానే గిండీలో ఆయన బంగళా గుర్తొస్తుంది, ఢిల్లీ వాళ్లు పంపించిన మనిషి. అమెరికాలో గవర్నర్ ఓట్లేసి గెలిపించుకున్న మనిషి, మన ముఖ్యమంత్రి స్థానం. ఈ చట్టంలో ఆయనకి గట్టి పట్టుంది. పైపులైన్ వచ్చి తగిలే రాష్ట్రం గానీ పోర్టుకి 15 మైళ్ల లోపు ఉన్న రాష్ట్రం గానీ వద్దంటే వాషింగ్టన్ లైసెన్స్ ఇవ్వడానికి లేదు. ఆఖరి విచారణ అయ్యాక 45 రోజుల్లో ఏ మాటా చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మనవాళ్లు మౌనం అర్ధాంగీకారం అంటారు, అక్కడ పూర్తి అంగీకారమే. "తీర రాష్ట్రపు ఎన్నికైన గవర్నర్" అని రాస్తే చదివేవాళ్లకి ఆ బరువు తెలుస్తుంది.

లైసెన్స్‌కి తెలుగు వెతకొద్దు. అనుమతి, ఆమోదం, మంజూరు ఈ మూడూ మీ వ్యాసంలో ఒకదాని బదులు ఒకటి పడ్డాయంటే ఇక్కడ నిజంగానే తప్పవుతుంది. ముందు షరతులతో నిర్ణయం వస్తుంది, ఆ షరతులన్నీ తీర్చాకే లైసెన్స్. టెక్సస్ తీరం దగ్గర స్పాట్ అనే ఎగుమతి టెర్మినల్‌కి నిర్ణయం 2022 నవంబర్‌లో వచ్చింది, లైసెన్స్ 2024 ఏప్రిల్‌లో ఇచ్చారు. మొదటిదాన్ని "షరతులతో ఆమోదం" అనండి, రెండోదాన్ని లైసెన్స్ అనండి.