అన్నం తినే ఇంట్లో సీలియాక్

చెల్లెమ్మా, మీవారికి సీలియాక్ అని తేలిందనీ, మనం తినేది అన్నమే కాబట్టి చపాతీలు మానేస్తే సరిపోతుందా అనీ అడిగావు. సరిపోదమ్మా. గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు ఇది. మా అమ్మాయికీ ఇదే జబ్బు. అమెరికాలో ఏళ్లుగా తనకు వండిపెడుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ముందు నీ ఇంగువ డబ్బా తీసి చూడు. పొడి ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాదంతా జిగురూ పిండీ. ఆ పిండి చాలాసార్లు గోధుమదే. పప్పు తాలింపులో, పులిహోరలో, చారులో రోజూ అదే పడుతుంది. బియ్యప్పిండి కలిపినది, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నది వెతికి కొను. సాంబారు పొడి, పచ్చడి సీసాలు కూడా ఇలాగే చూసుకోవాలి.

బొంబాయి రవ్వ గోధుమే. ఉప్మా తినాలనిపిస్తే బియ్యపు రవ్వతో ఉప్పుడుపిండి చెయ్యి, ఇంకా బాగుంటుంది.

ఇక్కడ అమెరికాలో ప్యాకెట్ మీద గోధుమ ఉంటే చెప్పి తీరాలి, బార్లీకి ఆ నిబంధన లేదు. అందుకే మాల్ట్ అన్న మాట కోసం చూడు, అది మామూలుగా బార్లీతో చేసేదే. హార్లిక్స్ వద్దు. మామూలు సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే పది లక్షల వంతుల్లో గ్లూటెన్ 20 వంతులకు లోపే ఉండాలి.

పండగ భోజనాల దగ్గరే అసలు కష్టం. బొబ్బట్లు మైదావని అందరికీ తెలుసు. పూర్ణం బూరెల తోపు బియ్యం, మినప్పప్పే అయినా, పూరీలు వేగిన నూనెలో వేయిస్తే అవీ పనికిరావు. "ఒక్కటి తింటే ఏమవుతుంది" అని పెద్దవాళ్లు ప్రేమగానే బలవంతపెడతారు. కడుపునొప్పి రాకపోయినా లోపల చిన్నపేగు దెబ్బతింటుందని వాళ్లకు ఓపిగ్గా చెప్పు.

తెల్లన్నం ఒక్కటే తింటూ ఉంటే పీచు, ఇనుము, ఫోలేట్ చాలవు. జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం, పెసరట్టు మార్చి మార్చి పెట్టు. జొన్న, రాగి పిండి గోధుమ ఆడించిన మరలోనే ఆడిస్తే కల్తీ అవుతుంది, కాబట్టి వాటికీ గ్లూటెన్ ఫ్రీ ముద్ర చూడు. బి12, డి విటమిన్, ఎముకల పరీక్షల గురించి డాక్టరును అడగండి.

పిల్లలకూ ఈ జబ్బును పట్టిచ్చే టీటీజీ అనే రక్తపరీక్ష చేయించండి. ఇది రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువ. అయితే పరీక్ష అయ్యేదాకా వాళ్లకు గోధుమ మాన్పించకు, మాన్పిస్తే జబ్బున్నా ఫలితంలో బయటపడకపోవచ్చు.