కాలేజీ పిల్లల రిపోర్టుతో నాలా ఆగుతుందా?

ప్రశ్న: మా చెరువులోకి టౌన్ మురుగునాలా వస్తోంది. యూనివర్సిటీ పిల్లలు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. వాళ్లు ఆపించగలరా సార్?
– ఒక వరి రైతు, హనుమకొండ జిల్లా

జవాబు: ఆపించలేరన్నా. 1974 నీటి చట్టం కింద ఆ అధికారం కాలుష్య నియంత్రణ మండలిది. చట్టం చెప్పిన పద్ధతిలో మండలి తీసిన మురుగు నమూనానే కోర్టులో సాక్ష్యం. అయినా రిపోర్టు అడిగి తీసుకోండి, తెలుగులోనే రాసిమ్మనండి. థీసిస్ లైబ్రరీలో పడుంటే మీ మడికేం లాభం? అందులో ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే లెక్క, డెసీసీమెన్స్/మీటరులో) చూడండి: 0.7 లోపైతే ఫరవాలేదు, 3 దాటితే వరికి గండమే. మురుగులో నత్రజని ఎక్కువ, యూరియా తగ్గించకపోతే పైరు పడిపోతుంది, అగ్గి తెగులూ పెరుగుతుంది. యాసంగికి ముందు తూము దగ్గర మళ్లీ నీళ్లు పట్టమనండి. రిపోర్టు జతచేసి మండలికీ, మున్సిపాలిటీకీ అర్జీ పెట్టండి, రసీదు మాత్రం వదలొద్దు.