డిష్‌లో పెంచిన మెదడు కణాలన్నీ ఒకేసారి ఫైర్ అవుతాయట, అంటే విద్యుత్ సిగ్నల్ ఇస్తాయట. అంటే అవి ఆలోచిస్తున్నట్టేనా?

కాదండీ. జర్మనీలో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తూ ఈ కణాలకు మీడియం (అవి బతికే పోషక ద్రవం) మార్చడంతోనే నా ఆదివారాలన్నీ గడిచిపోయాయి, కాబట్టి ఈ ఒక్క విషయంలో నాతో వాదనకు రాకండి. నన్నడిగితే అది పనీపాటా లేని నెట్‌వర్క్ చేసే గోల.

మేం వాడేవి గర్భం 18వ రోజు ఎలుక పిండాల కార్టెక్స్ (మెదడు పైపొర) కణాలు. ఎంజైమ్‌తో విడదీసి, అడుగున కణాల సిగ్నల్స్ పట్టే 60 ఎలక్ట్రోడ్లున్న గాజు డిష్‌లో వేస్తాం. విడదీసినప్పుడే పాత కనెక్షన్లన్నీ తెగిపోతాయి, మళ్లీ మొదటినుంచి అల్లుకోవాలి. మొదటి రోజుల్లో అక్కడొకటి ఇక్కడొకటి స్పైక్ (ఒక్క కణం ఇచ్చే చిన్న సిగ్నల్), అంతే. కణాలు చిక్కగా వేస్తే వారం తిరక్కముందే, పలచగా వేస్తే ఇంకా ఆలస్యంగా అసలు సందడి మొదలవుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే డిష్ మొత్తం ఒక్కసారిగా ఫైర్ అవుతుంది, కొన్ని సెకన్లు ఏమీ ఉండదు, మళ్లీ మొత్తం.

మూడో వారంలో ఉన్న డిష్‌ని ఒక సాయంత్రం స్పీకర్‌కి కలిపి పెట్టుకున్నాను. అదే టైంలో అమ్మ వాట్సాప్ కాల్. చిట్, చిట్, కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఒక్కపెట్టున చిటపటా. "ఏంటే, నాతో మాట్లాడుతూనే పోపు పెడుతున్నావా?" అంది. నిజంగానే కాగిన నూనెలో ఆవాలు పడ్డ చప్పుడే. ఎలుక మెదడు కణాలమ్మా అంటే, "ఛీ, చేతులు కడుక్కుని తిను" అని పెట్టేసింది.

ఫోన్ పెట్టేశాక కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టడానికి వాడే గ్లూటమేట్ అనే రసాయనం పనిచేయకుండా దాని రిసెప్టర్లను అడ్డుకునే సీఎన్‌క్యూఎక్స్, ఏపీవీ అనే మందులు రెండూ కలిపాను. చూస్తుండగానే మూకుమ్మడి చప్పుడు పోయి, విడివిడి చిట్‌లు మాత్రం మిగిలాయి. కడిగి కొత్త మీడియం పోస్తే మళ్లీ మొదలు. అంటే కణాలు సైనాప్సుల (కణాల మధ్య కనెక్షన్ల) ద్వారా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవడమే దీని మూలం, పైనుంచి ఎవరూ ఆర్డర్లు వేయక్కర్లేదు. పైగా, పెద్దయ్యాక కణాలను అణిచే గాబా అనే రసాయనం, డిష్‌లో మొదటి రోజుల్లో వాటిని రెచ్చగొట్టే వైపే ఉంటుంది. ఎందుకంటే అప్పుడు కణం లోపల క్లోరైడ్ ఎక్కువ, దాన్ని బయటికి తోసే కేసీసీ2 పంపు ఇంకా సరిగ్గా తయారుకాదు.

ఇంత సరళమైన సంగతిని పేపర్లవాళ్లు "ల్యాబ్‌లో బుల్లి మెదడు మేల్కొంది" అని రాస్తారు. 2019లో శాస్త్రవేత్త మువోట్రి బృందం మూలకణాలతో పెంచిన ఆర్గనాయిడ్ల (బుల్లి మెదడు లాంటి కణాల ముద్దల) సిగ్నల్స్‌ని నెలలు నిండని పిల్లల ఈఈజీతో (తలపై నుంచి తీసే మెదడు సిగ్నల్స్ రికార్డుతో) పోల్చినప్పుడైతే నా వాట్సాప్ నిండా అవే ఫార్వర్డ్‌లు. పోలిక ఉంది, ఆ పిల్లల ఈఈజీలో కూడా కాసేపు పేలుడు, కాసేపు నిశ్శబ్దం కనిపిస్తాయి. పోలిక ఉంటే స్పృహ ఉన్నట్టేనా?

అసలు మెదడులో ఇలాంటి మూకుమ్మడి ఫైరింగ్ అలలకు పని ఉంది. కళ్లు తెరవని ఫెర్రెట్ (ముంగిసలా కనిపించే చిన్న జంతువు) పిల్లల రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, అలలు పుడతాయని 1991లో మైస్టర్, షాట్జ్ అనే శాస్త్రవేత్తల బృందం వాళ్లు ఎలక్ట్రోడ్లతో చూపించారు. కంటి నుంచి మెదడుకు వెళ్లే వైరింగ్ సరిదిద్దుకోవడానికి అవి ఉపయోగపడతాయి. లోపలికి నిజమైన చూపు, శబ్దం, స్పర్శ వచ్చేకొద్దీ ఈ మూకుమ్మడి గోల తగ్గుతుంది. డిష్‌కి ఆ భాగ్యం ఏదీ? నెలలు గడిచినా బయటినుంచి ఒక్క కబురూ రాదు, అందుకే చాలా డిష్‌లు ఆ దశలోనే ఉండిపోతాయి. 2005లో వాగెనార్, పాటర్ అనే శాస్త్రవేత్తలు చాలా ఎలక్ట్రోడ్ల మీదుగా చిన్న చిన్న విద్యుత్ పల్సులు పంచి పంపితే బర్స్టులు (ఆ మూకుమ్మడి పేలుళ్లు) అణిగిపోయాయి. ఇది ఆలోచన కాదు, కబురు రాని నెట్‌వర్క్ గోల అనడానికి నాకైతే ఈ ఒక్క ప్రయోగం చాలు.

మందులు పరీక్షించేవాళ్లు మాత్రం ఇది పట్టించుకోరు. ఏ ఇన్‌పుట్టూ లేని డిష్‌ని తీసుకుని, మందు వేసి, బర్స్టులు తగ్గాయా పెరిగాయా అని లెక్కపెట్టి, అదే మెదడు మీద ప్రభావం అని రాసేస్తారు. ముందు ఆ కణాలకు బయటినుంచి కాస్త స్టిమ్యులేషన్ (పల్సులు) ఇవ్వండి అని మా గ్రూప్ మీటింగ్‌లో నేను అన్న ప్రతిసారీ "బడ్జెట్ లేదు" అనే జవాబు.