మాటలు మార్చి రాశాను, అయినా కాపీ అన్నారు

ప్రశ్న: మాది వనపర్తి జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎంఏ సోషియాలజీ మొదటి సెమిస్టర్. కులం మీద ఇంగ్లిష్‌లో రాసిన టర్మ్ పేపర్‌కి (సెమిస్టర్‌లో ఇచ్చే పెద్ద వ్యాసం) సిమిలారిటీ, అంటే వేరేవాళ్ళ రాతలతో పోలిక, 38 శాతం వచ్చిందని మేడం వెనక్కిచ్చి, మళ్ళీ రాయమన్నారు. నేను కాపీ కొట్టలేదు. పుస్తకంలోని ప్రతి వాక్యానికీ మాటలు మార్చి రాశాను. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఎంఏ మానేసి గ్రూప్-1కి ప్రిపేర్ అవ్వమంటారా?

జవాబు: మానొద్దమ్మా. ముందు ఆ 38 శాతం టెన్షన్ తీసేద్దాం. ప్లేజియరిజం, అంటే వేరేవాళ్ళ రాతను మనదిగా చూపించడం మీద, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే గడువులోగా సరిచేసి ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. కానీ ఇవన్నీ థీసిస్‌లకీ డిసర్టేషన్లకీ పెట్టినవి. టర్మ్ పేపర్లను, అసైన్‌మెంట్లను ఆ నిబంధనల్లోనే మినహాయించారు. మీ మేడం మళ్ళీ రాయమన్నారంటే మీకు ఇంకో అవకాశం ఇచ్చారు.

మీ ఇంగ్లిష్ బాగాలేక ఇలా జరిగిందని మీరు అనుకుంటున్నారేమో. నాకలా అనిపించడం లేదు. ఇంటర్‌లో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించితేనే మార్కులు పడ్డాయి. గైడ్‌లో ఒక్క మాట తప్పితే మార్కు పోతుందేమోనని బట్టీ పట్టాం. ఇన్నేళ్ళూ మెచ్చుకున్న పనినే పీజీకి రాగానే తప్పు అంటున్నారు. మధ్యలో ఎవరూ కొత్త పద్ధతి నేర్పలేదు. ఇది మీ తప్పు కాదని గట్టిగా చెప్తున్నాను. ఇంగ్లిష్ మీడియం పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు.

ఇంపార్టెంట్ తీసేసి సిగ్నిఫికెంట్ పెడితే మాట మారుతుంది, వాక్యం మాత్రం ఆ రచయితదే. పక్కన రచయిత పేరు కూడా లేకపోతే ఆ ఆలోచన మీ సొంతమని చదివేవాళ్ళు అనుకుంటారు.

ఈ తేడా మీకు తెలుగులో ఎప్పుడో వచ్చు. 'వాళ్ళు ఊరెళ్ళారు' అంటే మీకు స్వయంగా తెలుసు. 'ఊరెళ్ళారట' అంటే ఎవరి ద్వారానో విన్నారు. 'ఊరెళ్ళారని అత్త చెప్పింది' అంటే ఎవరు చెప్పారో కూడా చెప్పేశారు. టర్మ్ పేపర్‌లో మేడం వెతికేది ఆ 'అట', ఆ 'అని చెప్పింది'. ఉదాహరణకు, కింది కులాలవాళ్ళు పై కులాల ఆచారాలు పాటించి అంతస్తు పెంచుకోవాలని చూస్తారని సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ అంటారు. దాన్నే సంస్కృతీకరణ అన్నారు. తెలుగులో ఆ 'అంటారు' చివర్లో వస్తుంది. ఇంగ్లిష్‌లో 'శ్రీనివాస్ ఆర్గ్యూస్ దట్' అని ముందే చెప్పాలి, పక్కన పుస్తకం వచ్చిన సంవత్సరం వేయాలి. ఆ తర్వాతి వాక్యం మీది: మా ఊళ్ళో నేను చూసింది దీనికి సరిపోతుందా, లేదా? పేరాకి కూడా ఇదే వరస. మనం కథలా చెప్పుకుంటూ వెళ్ళి అసలు మాట చివర్లో చెప్తాం. ఇక్కడ అది మొదటి వాక్యంలోనే ఉండాలి.

కాబట్టి ఈసారి పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాయకండి. రెండు పేజీలు చదివి మూసేయండి. అందులో ఏముందో మీ చెల్లికి చెప్తున్నట్టు తెలుగులో పైకి చెప్పండి. ఆ మాటల్నే తెలుగులో మూడు నాలుగు లైన్లు రాసుకుని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టండి. అప్పుడు పుస్తకం తెరిచి, అర్థం తప్పిందేమో చూసుకోండి. రచయిత మాటలే తప్పనిసరి అనిపించిన చోట కొటేషన్ గుర్తులు పెట్టి, పేజీ నంబర్ ఇవ్వండి. మొదట్లో ఒక్క పేజీకి సాయంత్రమంతా పడుతుంది, పట్టనివ్వండి. వాక్యం ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళ అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ (వ్యాసాల్లో వాడే వాక్యరూపాల జాబితా) ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అలాంటి సాధారణ వాక్యరూపాలు వాడుకుంటే తప్పు లేదు.

పారాఫ్రేజ్ టూల్స్ జోలికి మాత్రం వెళ్ళకండి. అది మళ్ళీ మాటలు మార్చే పనే, మీ బదులు మెషీన్ చేస్తుంది, అంతే. టూల్ వాడకుండా సొంతంగా రాసినా ఇంకో చిక్కు ఉంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం సొంతంగా రాసిన 91 వ్యాసాలను, ఏఐ రాసిందో మనిషి రాసిందో చెప్పే ఏడు ఏఐ డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. సగటున 61 శాతానికి పైగా వ్యాసాలను అవి ఏఐ రాసినవేనన్నాయి. సాదా మాటల్లో రాసేవాళ్ళకు అలా అన్యాయం జరగొచ్చు. అందుకే గూగుల్ డాక్స్‌లో రాయండి, పాత వెర్షన్లన్నీ అందులో ఉంటాయి. తెలుగు నోట్సు కూడా పారేయకండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తాయి.

గ్రూప్-1 సంగతి. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, నిజమే. కానీ అక్కడా వ్యాసాలే రాయాలి, మీ వాదన మీరే నిలబెట్టుకోవాలి. ఎంఏ పూర్తి చేశాక రాసినా ఈ సాధన అక్కడ పనికొస్తుంది.

పేపర్ మొత్తం రాసేదాకా ఆగకండి. ఈ వారంలోనే మొదటి రెండు పేరాలు రాసుకుని మేడం దగ్గరికి వెళ్ళండి. 'ఇందులో శ్రీనివాస్ మాట ఏది, నా మాట ఏది, మీకు స్పష్టంగా తెలుస్తోందా మేడం?' అని అడగండి. తెలుగులో అడిగినా ఫర్వాలేదు.